ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు: ఒక ప్రసూతి వార్డు కేసు

విశాఖలోని ఒక ప్రసూతి ఆస్పత్రి నుంచి నర్సింగ్ సూపరింటెండెంట్ గారు ఒక స్టాఫ్ నర్సును నా దగ్గరికి పంపారు. చీటీలో ఒక్క వాక్యమే ఉంది: "నైట్ డ్యూటీలో బిడ్డ పోయినప్పటి నుంచి డల్‌గా ఉంది, కౌన్సెలింగ్ ఇవ్వగలరు." ఫోనులో ఇంకొంచెం చెప్పారు. సిస్టర్ పని మానలేదు, పెద్దగా సెలవులూ పెట్టలేదు. కాకపోతే కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పట్టుకుని ఒకే తల్లి దగ్గరికి పదే పదే వెళ్తోంది. "మా బిడ్డకేమైనా అయిందా సిస్టర్?" అని తల్లులు కంగారుపడుతున్నారు. ఆ మాట వినగానే ఈమె గది బయటికి వచ్చేస్తోంది.

నేను మానసిక వైద్యురాలిని. చదువు ఆంధ్రా మెడికల్ కాలేజీలో, పని నేర్చుకున్నది చినవాల్తేరు మానసిక ఆస్పత్రిలో. కాన్పు తర్వాత దిగులు పట్టుకున్న తల్లులను చూడమని ప్రసూతి ఆస్పత్రులవాళ్లు పిలుస్తూనే ఉంటారు. అక్కడ పనిచేసేవాళ్ల కోసం పిలుపు రావడం మాత్రం అరుదు. అందుకే ఈ కేసును కాస్త వివరంగా రాస్తున్నాను. సంబంధించినవాళ్లందరి అనుమతీ ఉంది. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

జరిగింది

తల్లికి తొలిచూలు, తొమ్మిదో నెల. పురిటికని పరవాడ వైపున్న పుట్టింటికి వచ్చింది. సాయంత్రం నుంచి కడుపునొప్పి. గ్యాస్ అనుకుని వాము నీళ్లు పట్టారు. అర్ధరాత్రి దాటాక రక్తం కనబడేసరికి హడలిపోయి, ఊళ్లో ఆటో మాట్లాడుకుని, గాజువాక మీదుగా నగరంలోకి వచ్చేసరికి ఒకటిన్నర. గేటు దగ్గర ఎదురెళ్లింది ఈ సిస్టరే. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోయి ఉంది. బీపీ 160/110. డాప్లర్ పెడితే బిడ్డ గుండె నిమిషానికి 80 దగ్గర కొట్టుకుంటోంది. 110 నుంచి 160 మధ్య ఉండాలి. మాయ ముందే విడిపోతోందని డ్యూటీ డాక్టరుకు అర్థమైంది. లోపలున్న బిడ్డకు ప్రాణవాయువు వచ్చేది ఆ మాయ నుంచే. అది గర్భాశయం గోడను వదిలేస్తున్న కొద్దీ బిడ్డకు ఊపిరి తగ్గిపోతుంది. వెంటనే ఆపరేషన్ చేసి తీయడం తప్ప దారి లేదు.

ఇంతటి అత్యవసర సిజేరియన్‌కు నిర్ణయం తీసుకున్న దగ్గర్నుంచి 30 నిమిషాల్లో బిడ్డ బయటికి రావాలన్నది వైద్యులందరూ లక్ష్యంగా పెట్టుకునే గడువు. ఇక్కడ అంతకంటే ముందే తీశారు. ఒక చిక్కు మాత్రం వచ్చింది. థియేటర్ తాళంచెవి రాత్రిపూట సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది. ఆయన కింద ఫార్మసీలో ఉన్నాడు. తాళంచెవి పైకి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది.

మగబిడ్డ. ఏడుపు లేదు, ఊపిరి లేదు, గుండె కొట్టుకోవడం లేదు. పిల్లల డాక్టరు ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ అందుకున్నారు. సిస్టర్ రెండు బొటనవేళ్లతో ఛాతీ నొక్కింది. మూడు నొక్కులకు ఒక ఊపిరి చొప్పున, పైకి లెక్కపెడుతూ. బొడ్డుతాడు నుంచి అడ్రినలిన్ ఇచ్చారు. 20 నిమిషాలు దాటినా గుండె కదలకపోతే ఇక ఆపడం గురించి ఆలోచించవచ్చని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతాయి. అంతసేపూ చేశారు. "ఇక చాలు సిస్టర్" అన్నారు పిల్లల డాక్టరు. ఆమె ఇంకో నాలుగైదుసార్లు నొక్కి చేతులు తీసేసింది.

కేస్ షీట్‌లో "ఫ్రెష్ స్టిల్‌బర్త్" అని రాశారు. పుట్టేటప్పుడు ప్రాణం లేదు కానీ, పోయి ఎక్కువసేపు కాలేదని దాని అర్థం. కడుపులోనే ఎప్పుడో పోయి, చర్మం ఊడిన స్థితిలో పుట్టే బిడ్డ విషయంలో సిబ్బందికి ఉండే బాధ వేరు. అక్కడ వాళ్లు వచ్చేసరికే అంతా అయిపోయి ఉంటుంది. ఇక్కడ అలా కాదు, గుండె చప్పుడును చెవులారా విన్నారు. నేను చూసినంతలో లేబర్ రూమ్ సిబ్బందిని ఎక్కువగా పట్టి పీడించేవి ఇలా విని పోగొట్టుకున్న కాన్పులే.

తర్వాత జరగాల్సినవి చకచకా జరిగిపోయాయి. బంధువులు నలుగురు పెద్దగా అరిచారు, రిసెప్షన్ దగ్గర అద్దం పగిలింది. డ్యూటీ డాక్టరుకు ఏమీ కాకుండా లోపల గదిలో ఉంచి తాళం వేశారు. వైద్య సిబ్బంది మీద దాడులు చేస్తే శిక్షించే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచి ఉంది. అది ఉన్నదన్న ధైర్యం ఆ గదిలో కూర్చున్న మనిషికి ఎంతవరకు ఉంటుందన్నది వేరే సంగతి. తెల్లవారకముందే ఆయమ్మ బిడ్డకు ఒళ్లు తుడిచి, గుడ్డలో చుట్టి తండ్రి చేతికి ఇచ్చింది. పసిబిడ్డ కాబట్టి దహనం లేదు, ఊరికి తీసుకెళ్లి పూడ్చేశారు. తల్లి మత్తులో ఉంది. "చూపించొద్దండీ, చూస్తే ఇక మరిచిపోలేదు" అని ఆమె అత్తగారు డాక్టరుకు దండం పెట్టింది. తల్లికి తెలివి వచ్చి బిడ్డేడని అడిగేసరికి పూడ్చడం కూడా అయిపోయింది.

ఇంకో సంగతి. అదే డ్యూటీలో, ఐదు గంటలకు, ఇదే సిస్టర్ మరో కాన్పు చేసింది. ఆడపిల్ల, పుట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. సిస్టర్ బయటికి వచ్చి "మహాలక్ష్మి పుట్టిందండీ, స్వీట్లేవీ?" అంది. అనాలి మరి, ఆ ఇంటివాళ్లకు అది పండగ పూట.

సిస్టర్

వయసు ముప్పై లోపు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి మర్రిపాలెంలో కాపురం. నాలుగేళ్ల కొడుకున్నాడు. లేబర్ రూమ్‌లో ఐదారేళ్ల అనుభవం. ఇంతకుముందు పోయిన బిడ్డలను చూడలేదని కాదు. "అప్పుడు రెండు రోజులు ఏడ్చేదాన్ని, మూడో రోజు మామూలే. ఇప్పుడు ఏడుపే రావట్లేదు మేడం" అంది.

ఏడుపు స్థానంలో వచ్చినవి వేరే ఉన్నాయి. మెట్లెక్కుతుంటే అనుకోకుండా లెక్క మొదలవుతుంది: ఒకటి, రెండు, మూడు, ఊపిరి. రాత్రి నిద్రలో లేచి కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ఇంట్లో గోడ గడియారం చప్పుడు భరించలేక సెల్ తీసేసింది. ఆ రాత్రి తల్లిని పడుకోబెట్టిన మూడో బెడ్డు దగ్గరికి వేరే సిస్టర్ని పంపిస్తోంది. తర్వాతి డ్యూటీవాళ్లకు వార్డు అప్పగించేటప్పుడు చెప్పిందే చెబుతోంది, ఇంటికెళ్లాక మళ్లీ ఫోన్ చేసి చెబుతోంది. డాప్లర్ సంగతి సరేసరి. నిద్ర కోసం ఆస్పత్రి ఫార్మసీలో అడిగి అల్ప్రాజోలాం వేసుకుంటోంది. షెడ్యూల్ హెచ్1 మందు అది, చీటీ లేకుండా ఇవ్వకూడదు. తెల్లకోటు వేసుకున్నవాళ్లకు ఏ ఫార్మసీలోనైనా ఆ నిబంధన కొంచెం సడలుతుంది. మా వృత్తిలో మందులకు అలవాటుపడినవాళ్ల కథలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఘోరమైన సంఘటన తర్వాత కలిగే ఒత్తిడిని కొలవడానికి ఐఈఎస్-ఆర్ అనే 22 ప్రశ్నల ప్రశ్నావళి వాడాను. మార్కులు 33 దాటితే గట్టిగా పట్టించుకోవాలంటారు, ఆమెది దాటింది. అప్పటికి మూడో వారం. నెల నిండితే గానీ పీటీఎస్‌డీ (అలాంటి సంఘటన తర్వాత పట్టుకుని వదలని మానసిక జబ్బు) అనకూడదు. ఆ లోపు అయితే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటాం, అలాగే రాసుకున్నాను. ఆత్మహత్య ఆలోచనలు లేవు. ఉద్యోగం మానేసే ఆలోచన ఉంది.

మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చింది తాళంచెవి సంగతి. ఆ నాలుగు నిమిషాలు. అందరూ "నీ తప్పేం లేదమ్మా" అన్నారు. భర్త అన్నాడు, డాక్టరమ్మ అన్నారు, సూపరింటెండెంట్ గారూ అన్నారు. ఆ మాట ఆమెకు ఎక్కలేదు. తాళంచెవి ఎక్కడ ఉంటుందో తెలిసి కూడా, ఆటో చప్పుడు వినగానే ముందే ఎందుకు తెప్పించలేదన్నది ఆమె ప్రశ్న. ఏం జరిగిందో వినకుండా చెప్పే ఓదార్పు, విన్న మనిషిని ఇంకా ఒంటరిని చేస్తుంది.

2000లో ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ వైద్యుడు బీఎంజే అనే వైద్య పత్రికలో రాసిన ఒక చిన్న వ్యాసం తర్వాత, రోగికి హాని జరిగినప్పుడు వైద్యుల మనసు కూడా దెబ్బతింటుందన్న ఆలోచన బాగా ప్రచారంలోకి వచ్చింది. అది ప్రధానంగా వైద్యంలో పొరపాటు జరిగిన సందర్భాల గురించి. లేబర్ రూమ్‌లో మాత్రం పొరపాటు జరిగిందో లేదో తేలకముందే, తేలాక కూడా, సిబ్బంది తమను తామే బోనులో నిలబెట్టుకుంటారు. ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం 2019లో మన దేశంలో ఇలా ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డలు దాదాపు 3.4 లక్షలు. ఆస్పత్రిలో జరిగిన ప్రతి కాన్పు దగ్గరా కనీసం ముగ్గురు నలుగురు సిబ్బంది ఉంటారు. వాళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

మిగతావాళ్లు

సిస్టర్ ఒక్కరితో మాట్లాడి చీటీ రాసి పంపేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ రాత్రి ఉన్నవాళ్లందరినీ విడివిడిగా కలుస్తానన్నాను. యాజమాన్యం మొదట బీచ్ రోడ్డులో ఏదో హోటల్లో అరపూట స్ట్రెస్ మేనేజ్‌మెంట్ కార్యక్రమం పెడదామంది. వక్తను కూడా అనుకున్నారట. ఆ డబ్బు దాచండి, వేరే ఖర్చులున్నాయి అన్నాను.

మత్తు ఇచ్చే డాక్టరు, పిల్లల డాక్టరు తాము బాగానే ఉన్నామన్నారు. వాళ్లను చూస్తే నాకూ అలాగే అనిపించింది. డ్యూటీ డాక్టరు పీజీ పూర్తిచేసి రెండేళ్లయిన అమ్మాయి. నాతో పది నిమిషాలే కూర్చుంది, వాచీ చూసుకుంటూ. తనకు నిద్ర పడుతోందట, ఆకలి వేస్తోందట. సూపరింటెండెంట్ గారు చెప్పింది వేరు. అప్పటి నుంచి ఈమె కాస్త అనుమానం ఉన్న ప్రతి కేసునూ ఆపరేషన్‌కు రాస్తోంది, లేకపోతే నగరంలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కు పంపేస్తోంది. బంధువులతో మాట్లాడాల్సి వస్తే సిస్టర్ని పంపిస్తోంది. ఆమె భయం ఆమెకు తెలియకుండానే తల్లుల పొట్ట మీద కోతలుగా మారుతోందన్నమాట. ఇది ఏ ప్రశ్నావళిలోనూ దొరకదు. ఆస్పత్రి నెలవారీ సిజేరియన్ లెక్కల్లో దొరుకుతుంది.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం ఆయమ్మ.

యాభై దాటిన మనిషి. కంచరపాలెంలో ఇల్లు. ఆ ఆస్పత్రిలో ఆమె కంటే పాతవాళ్లు లేరు. పోయిన బిడ్డలకు ఒళ్లు తుడిచేది, చుట్టేది, బయటికి తెచ్చి ఇచ్చేది ఎన్నేళ్లుగానో ఆమే. ఎవరూ ఆమెకు ఆ పని అప్పగించలేదు, ఎవరూ ఎలా చేయాలో చెప్పలేదు. వార్డులో ఉన్న ఆకుపచ్చ థియేటర్ గుడ్డలో చుట్టి ఇవ్వడం మనసొప్పక, ఇంటి నుంచి పాత నేత చీరల ముక్కలు ఉతికి, మడతపెట్టి తెచ్చుకుని లాకర్లో పెట్టుకుంటుంది. ఈ సంగతి ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు.

"బతికున్న బిడ్డనట్టుకెళ్తే సేతిలో ఏదో ఒకటి ఎడతారు డాక్టరమ్మా. ఇలాటి బిడ్డనట్టుకెళ్తే నా మొకం సూడరు" అంది. కోపంగా కాదు, మామూలుగా.

ఆమెను నా దగ్గరికి ఎవరూ పంపలేదు, ఆమెకేదో అయిందని ఎవరికీ అనిపించలేదు. పని ఆగలేదు కాబట్టి. కానీ నెల రోజులుగా ఆమె సొంత ఇంట్లో ఉండటం లేదు. మాధవధారలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఎందుకని అడిగితే చాలాసేపటికి చెప్పింది. కోడలికి ఏడో నెల. ఈ చేతులతో కోడలికి అన్నం పెట్టకూడదని, ఆ గడప తొక్కకూడదని తనకు తానే పెట్టుకున్న నియమం. కొడుక్కి కారణం చెప్పలేదు. కోడలేమో అత్తకు తన మీద కోపమనుకుంటోంది. సీమంతానికి కూడా రానందట.

"ఇన్నేళ్లూ ఎత్తుకున్నావు కదమ్మా, ఇప్పుడేటి కొత్తగా?" అన్నాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ రాత్రి తాళంచెవి కోసం మెట్లు దిగి పరిగెత్తింది ఆయమ్మే. మోకాళ్ల నొప్పులు. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఒక ఎత్తు. తన కాళ్లు ఆలస్యం చేయడం వల్లే బిడ్డ పోయాడని ఆమె నమ్మకం. అంటే సిస్టర్, ఆయమ్మ ఇద్దరూ ఒకే నాలుగు నిమిషాలను చెరొకవైపు మోస్తున్నారు. ఒకే వార్డులో రోజూ ఎదురుపడుతూ కూడా ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

చేసిన పని

ఇలాంటి సంఘటన జరగ్గానే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ జరిగిందంతా చెప్పించే పద్ధతి ఒకటి 1980లలో అమెరికాలో మొదలైంది. డీబ్రీఫింగ్ అంటారు. అగ్నిమాపక దళాలకు, అంబులెన్స్ సిబ్బందికి విరివిగా చేశారు. తర్వాత అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన 2002 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది ఏమిటంటే, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించినంత మాత్రాన పీటీఎస్‌డీ ఆగదు, కొందరికి ఇంకా హాని జరగవచ్చు కూడా. అందుకని ఆ జోలికి పోలేదు.

దానికి బదులు రెండు సమావేశాలు వేరువేరుగా పెట్టించాను. ఒకటి కేసు సమీక్ష: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకపై ఏం మార్చాలి. రెండోది, ఇక్కడ ఉన్నవాళ్లకు ఏమైంది అన్నది. ఈ రెంటినీ ఒకే గదిలో ఒకే గంటలో కలిపేస్తే రెండూ పాడవుతాయి. ఏడుస్తున్న మనిషిని ఎవరూ టైమ్ అడగలేరు. టైమ్ అడుగుతున్న గదిలో ఎవరూ ఏడవలేరు. సమీక్షను ఆస్పత్రిలో సీనియర్ గైనకాలజిస్టు నడిపారు, నేను మూలన కూర్చున్నాను. ఆయమ్మను కూడా పిలవాలని పట్టుబట్టాను. ఆమెకు కుర్చీ వేయించడానికి కొంచెం గొడవైంది.

సమీక్షలో తల్లి గేటు దాకా రాకముందు గడిచిన కాలం కూడా బయటికి వచ్చింది. ప్రసూతి మరణాల విషయంలో మూడు ఆలస్యాలు అని 1994 నుంచి చెప్పుకుంటున్నాం: వెళ్లాలని నిర్ణయించడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. బిడ్డల మరణాలకూ అదే కొలత పనికొస్తుంది. చివరి చెకప్‌లోనే బీపీ ఎక్కువగా, 140/90 అని కార్డు మీద ఉంది. వారంలో రమ్మన్నారు, రాలేదు. రాలేదని ఎవరూ ఫోన్ చేయలేదు. మాయ వెనకాల పెద్ద రక్తపు గడ్డ ఉందని ఆపరేషన్ నోట్స్‌లో ఉంది, అంటే విడిపోవడం ఎప్పుడో మొదలైంది. తల్లి ఇంటివాళ్ల మీదికి నెట్టేయడానికి ఇదంతా పనికిరాదని సీనియర్ డాక్టరు ముందే గట్టిగా చెప్పారు. నాకు నచ్చిన మాట అది.

చివరికి సిస్టర్ లేచి అడిగేసింది: "ఆ నాలుగు నిమిషాలు పోకపోతే బతికేవాడా మేడం?"

సీనియర్ డాక్టరు కాస్త ఆలోచించి, "తెలీదమ్మా. 80 దగ్గర కొట్టుకుంటున్న గుండె, అంత గడ్డ... బతికుండకపోవచ్చు, బతికుండొచ్చు కూడా. నేను అక్కడున్నా తాళం లేకుండా లోపలికి వెళ్లలేను. తాళం రాత్రిపూట కింద ఎందుకుందన్నది నీ ప్రశ్న కాదు, నా ప్రశ్న" అన్నారు. అప్పుడు ఆయమ్మ నెమ్మదిగా తన మోకాళ్ల సంగతి చెప్పింది. సిస్టర్ ఆమె వైపు తిరిగి చూసిన చూపును వర్ణించను. మర్నాటి నుంచి థియేటర్ తాళంచెవి లేబర్ రూమ్ గోడకు, మేకుకు వేలాడుతోంది. ఇన్నాళ్లూ అక్కడ ఎందుకు లేదన్నదానికి దొంగతనాల భయం తప్ప కారణం లేదు.

సిస్టర్‌కు విడిగా వైద్యం చేశాను. అల్ప్రాజోలాం మెల్లగా మాన్పించాను. ఘోరమైన సంఘటన జరిగిన మొదటి నెలలో ఈ జాతి మందులు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. వేరే మందు అవసరం రాలేదు. ఆ రాత్రిని కేస్ షీట్ పక్కన పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా, వర్తమానంలో జరుగుతున్నట్టు చెప్పించడం ప్రధానమైన పని. ఇక చప్పుడు సంగతి. ఫోనులో లయగా టిక్కుమనే మెట్రోనోమ్ ఆప్ పెట్టి నిమిషానికి 80 దగ్గర వినిపించాను, గుండె దడ తగ్గేదాకా వింటూ కూర్చుంది. గడియారం సెల్ తనే మళ్లీ వేసింది. డాప్లర్‌కు మాత్రం ఆమె రోజూ పాటించాల్సిన వైద్య నియమాన్నే మందుగా వాడాను. కాన్పు మొదటి దశలో అరగంటకొకసారి, తల్లి ముక్కే దశలో ఐదు నిమిషాలకొకసారి బిడ్డ గుండె వినాలి. అంతకు తగ్గకూడదు, కారణం లేకుండా అంతకు మించకూడదు. మధ్యలో చెయ్యి డాప్లర్ మీదికి పోతే కాన్పు ఎలా సాగుతోందో రాసే పార్టోగ్రాఫ్ పట్టికలో టైమ్ చూసుకుని ఆగాలి. మొదటి వారం ఆమెకు చెమటలు పట్టాయి. తర్వాత తగ్గింది.

అయినా ఏదో మిగిలిపోయిందని నాకు అనిపిస్తూనే ఉంది. నిద్ర వచ్చింది, లెక్కపెట్టడం తగ్గింది, కానీ ఉద్యోగం మానేస్తానంటోంది. ఒకరోజు, వెళ్లడానికి లేచి నిలబడి, తలుపు దగ్గర చెప్పింది. కాన్పయిన పదో రోజున తల్లి కుట్లు చూపించుకోవడానికి వచ్చింది. లేబర్ రూమ్ బయట ఈమెను పట్టుకుని, "మీరు చూశారు కదా సిస్టర్, ఎవరి పోలిక?" అని అడిగింది. సిస్టర్ "గుర్తు లేదమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది. గుర్తు లేకపోవడమేమిటి, చెవి తమ్మె మడత దగ్గర్నుంచి అంతా గుర్తుంది.

తాళంచెవి గురించి ఆమె ఎన్నిసార్లయినా చెప్పగలిగింది. చెప్పలేకపోయింది ఇది. ప్రాణం నిలబెట్టలేకపోవడం వృత్తిలో ఉన్నదే అని ఎక్కడో ఒప్పుకుంది. తల్లి అడిగింది ఇవ్వగలిగీ ఇవ్వకపోవడాన్ని ఒప్పుకోలేకపోతోంది.

పోయిన బిడ్డను తల్లికి చూపించాలా వద్దా అన్న వివాదం చిన్నది కాదు. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పోయిన బిడ్డను ఎత్తుకున్న తల్లుల్లో తర్వాతి గర్భం సమయంలో దిగులు ఎక్కువ కనిపించింది. తర్వాత వచ్చిన అధ్యయనాలు చాలావరకు వేరేగా చెప్పాయి. ఇప్పుడు అందరూ ఒప్పుకునేది ఏమిటంటే, బలవంతపెట్టకూడదు, దాచిపెట్టనూ కూడదు. తల్లికి తెలివి వచ్చాక తల్లినే అడగాలి. మన దగ్గర ఆ నిర్ణయం తల్లి మత్తులో ఉండగానే అత్తగారో, మేనమామో తీసేసుకుంటారు. ప్రేమతోనే తీసుకుంటారు, సందేహం లేదు. ఆ ప్రేమను దాటి మాట్లాడే ధైర్యం మధ్యరాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు ఎక్కడిది? పైనుంచి ఒక పద్ధతి ఉంటే, "ఇది మా ఆస్పత్రి నియమమండీ, ఆమె లేచేదాకా ఆగుదాం" అని చెప్పగలదు.

తల్లి ఆరో వారం చెకప్‌కు వస్తుందని తెలిసి, ఆమె డాక్టరు ద్వారా ముందే అడిగించాం. వింటాను అంది. ఓపీ పక్క గదిలో సిస్టర్, ఆయమ్మ, ఆ తల్లి కూర్చున్నారు. నేను లేను. ఆ గదిలో నాకు పని లేదు. తర్వాత సిస్టర్ చెప్పిన దాన్నిబట్టి, జుట్టు ఒత్తుగా ఉందనీ, పెదాలు తల్లివేననీ, నుదురు తండ్రిదనీ చెప్పింది. తల్లి బరువెంత అని అడిగింది. దేంట్లో చుట్టారని అడిగింది. దానికి ఆయమ్మ జవాబు చెప్పింది: బచ్చలిపండు రంగు అంచున్న తెల్ల నేత చీర ముక్కలో. తల్లి ఏడ్చింది, వీళ్లూ ఏడ్చారు. తర్వాత వారం సిస్టర్‌కు ఐఈఎస్-ఆర్ మళ్లీ చేస్తే 33కు బాగా కిందికి వచ్చింది. ఆ మాటలతోనే వచ్చిందని నేను అనను, అప్పటికే తగ్గుతూ ఉంది. రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయమ్మకు నేను మైల గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఆమె మర్యాదగా తల ఊపి, చెల్లెలి ఇంట్లోనే ఉండిపోయేది. "మరి ఏం చేస్తే ఈ చేతులు మళ్లీ కోడలికి పనికొస్తాయమ్మా?" అని ఆమెనే అడిగాను. ఆలోచించి బురుజుపేట అమ్మవారు అంది. కనకమహాలక్ష్మి గుడికి పైకప్పు ఉండదు. అక్కడ ఎవరైనా సరే తమ చేతులతోనే అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. పుట్టిన బిడ్డలను తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టేదీ అక్కడే. గురువారం పొద్దున్నే వెళ్లింది, సిస్టర్ తోడు వెళ్లింది. ఆ ఆదివారానికి సొంత ఇంటికి చేరింది. సీమంతంలో కోడలికి గాజులు తొడిగిన ఫొటో నాకు సిస్టర్ ఫోనులో చూపించింది.

ఆస్పత్రిలో ఏం మిగిలింది

హోటల్ కార్యక్రమానికి అనుకున్న డబ్బులో కొంతతో లేబర్ రూమ్‌లో ఒక బీరువా కొన్నారు. అందులో తెల్లటి మెత్తని నూలు గుడ్డలు, పాదముద్రలు తీసే ఇంకు, చిన్న కార్డులు. పోయిన బిడ్డను ఇకపై ఇద్దరు కలిసి సిద్ధం చేస్తారు, అందులో ఒకరు నర్సు అయి తీరాలి. తూకం, సమయం, పాదముద్ర కార్డు మీద పెడతారు. కుటుంబం వద్దంటే కవరులో పెట్టి కేస్ షీట్‌తో భద్రపరుస్తారు, తల్లి ఎప్పుడు అడిగితే అప్పుడు ఇస్తారు. 28 వారాలు దాటి ప్రాణం లేకుండా పుట్టిన ప్రతి బిడ్డ వివరాలూ 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలని 1969 నాటి జనన మరణాల చట్టం చెబుతోంది. ఆ ఫారం నింపే పని కూడా ఇంతకుముందులా ఆఫీసు గుమాస్తాకు వదిలేయకుండా, డాక్టరు ఆ పూటే చేస్తున్నారు. పాలు పడి తల్లి ఇబ్బంది పడకుండా క్యాబర్గోలిన్ మాత్ర రాయడం, ఆమెను పిల్లల ఏడుపులు వినిపించే వార్డులో కాకుండా వేరే గదిలో ఉంచడం నియమాల్లోకి ఎక్కాయి. ఇవన్నీ తల్లి కోసమే. కానీ చేతికి చేయడానికి ఒక పని ఉన్నప్పుడు సిబ్బంది కూడా తక్కువ చిక్కుకుంటారని నా అనుభవం. ఏం చేయాలో తెలియక నిలబడిపోయిన నిమిషాలే తర్వాత తిరిగి వస్తాయి.

రాత్రి డ్యూటీ గది తలుపు వెనక మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అంటించారు. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఇద్దరు సిస్టర్లు చేశామని చెప్పారు.

కుదరనివి కూడా ఉన్నాయి. బిడ్డ పోయిన కాన్పు చేసినవాళ్లను ఆ డ్యూటీలో మరో కాన్పుకు పిలవకూడదని రాశాను. రాత్రిపూట ఇద్దరే నర్సులుండే చోట అది కాగితం మీద మాటే. పావుగంట విరామం, టీ, సూపర్‌వైజర్‌కు ఫోన్ అన్న దగ్గర ఒప్పందం కుదిరింది. డ్యూటీ డాక్టరు నా దగ్గరికి మళ్లీ రాలేదు. రెండు నెలలకు వేరే ఊరిలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఈ కేసులో నాకు తృప్తి లేనిది అక్కడే. డాక్టర్లు సాటి డాక్టరు దగ్గర, అదీ మానసిక వైద్యుల దగ్గర, నోరు విప్పరు. వాళ్ల కోసం సీనియర్లే ఏదో చేయాలి, బయటి మనిషి వల్ల అయ్యేది తక్కువ.

సెలవు సంగతి ఇంకా తేలలేదు. బిడ్డ పుట్టగానే పోయినా, ప్రాణం లేకుండా పుట్టినా తల్లికి 60 రోజుల ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2022లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగినులకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాన్పు చేసినవాళ్లకు మర్నాడు ఒక్క రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వండని నేను అడిగాను. నర్సులకు ఒప్పుకున్నారు. ఆయమ్మలు కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు కాబట్టి తమ చేతిలో లేదన్నారు, ఏజెన్సీవాళ్లేమో ఆస్పత్రి రాసి ఇస్తే చూస్తామన్నారు. ప్రస్తుతానికి నర్సింగ్ సూపరింటెండెంట్ గారు ఆయమ్మను ఇంటికి పంపేసి, హాజరు పట్టీలో "ట్రైనింగ్" అని రాస్తున్నారు.